మేకుకున్న బిల్ల

మూడోసారి మేడం. పిల్లను మళ్ళ బడిల ఏసే గీ కాయిదం మీరు నాకు వాపసిచ్చుడు ఇది మూడోసారి. మొదటిసారి తారీఖు తప్పన్నరు. సరే, తప్పే. రెండోసారి పిల్ల ఆధార్ జిరాక్స్ లేదన్నరు, జల్ది పోయి తెచ్చి పెట్టిన. ఇయ్యాల అన్ని సక్కగనే ఉన్నయ్ గని ఒక్క ఆరో గడి కాడ పెన్ను ఆపిన్రు. బిడ్డను బడి మాన్పించిన కారణం. నిజం రాయండి సదయ్య గారూ అంటున్నరు. గా గడి చూడుండ్రి, వేలెడంత లేదు. దాంట్ల నిజం ఎంతని పడ్తది?

లెక్కల సారు లేడని రాసిన. అబద్ధమా? యాడాది కింద లేకుండె గదా... ఆ, అవు, వేరే బడి నుంచి ఒకాయినను పంపిన్రు. మీరు హెడ్మాస్టర్‌గ కొత్తగ వచ్చినా రిజిష్టర్లు పాతయే ఉన్నయ్, నాకు సోయి లేదు. కొట్టేసిన. పిల్లకు పానం బాగలేదని రాసిన. మీరేమో దవాఖాన చిట్టి తెమ్మన్నరు. గదీ కొట్టేసిన. ఇగ గడిల జాగనే లేకుంటయ్యింది.

కూసుంటనా? కూసుంట. 

నేనెవరో మీకు ఎరుకే. మీ నాయిన సూర్యప్రకాశరావు సారు మా బొగ్గు బాయికి మేనేజరుగ ఉన్నప్పుడు లాంపు రూంల లైటిచ్చింది నేనే. మీరప్పుడు గింతంత ఉండె. రెండు జడలేసుకొని జీపుల కూసునేది. మీ అమ్మ చంద్రమతమ్మ గారు మంచిగున్నరా? ఆహా, మంచిది.

లాంపు రూం పనంటే ఏందో మీకు సారు చెప్పే ఉంటడు. బొగ్గు బాయిల దిగేటోడు తన నంబరు బిల్ల నాకిస్తడు, నేను వానికి లైటిస్త. గా బిల్లను మేకుకు తగిలిస్త. వాడు పైకొచ్చి లైటు వాపసిస్తే బిల్ల తీసి వాని చేతుల పెడ్త. అంటే, మేకుకు బిల్ల ఉన్నదంటే మనిషి లోపల ఉన్నట్టు. మేకు ఖాళీ ఉన్నదంటే మనిషి ఇంటికి పోయినట్టు. ముప్పై ఏండ్లు గదే చేసిన. షిఫ్టు అయిపోయినంక ఒక్క బిల్ల మిగిలినా నాకు అన్నం పోకపోయేది. నా డ్యూటీ అయిపోయింది గదా, వచ్చేటోడు చూసుకుంటడు అని ఇంటికి పోయేటోన్ని కాదు.

మీ నాయినదే ఒకసారి మిగిలింది. మీకు తెల్వదు గావచ్చు. పగటి షిఫ్టు అయిపోయింది, అందరి లైట్లు వచ్చినయ్, సారుది రాలే. నేను సాయంత్రం దాక నిలబడ్డ. ఆఖరికేమైంది? సారు లోపల్నుంచి నడుసుకుంట నడుసుకుంట పక్క బాయి దారిల పైకెక్కి, నెత్తికి లైటు పెట్టుకొనే బంగ్లాకు పోయి చాయ్ తాగుతుండు. తెల్లారొచ్చి, సదయ్యా, ఇంకెప్పుడూ నిన్నిలా నిలబెట్టను అన్నడు. పెద్ద మనిషి. నాతోని గట్ల అన్న ఆఫీసరు ఆయనొక్కడే.

ఎందుకు చెప్తున్ననంటే, నాకు చూసుడు అలవాటు మేడం. వచ్చేటోళ్ళ కోసం చూసుడు. రిటైరైనంక గా అలవాటును ఏం చెయ్యాల్నో నాకెవరూ చెప్పలే.

క్వార్టర్ ఖాళీ చేసినం. మీ బడెన్క గల్లీల కిరాయికి దిగినం. నేను, మా అనసూర్య, మమత. మమత మాకు పెండ్లయిన పదిహేడేండ్లకు పుట్టింది. ఇగ పిల్లలు కారు అనుకున్నంక పుట్టింది. దిగి నాలుగు నెల్లు గాలే, అనసూర్య మంచిర్యాలకు చెల్లె ఇంటికి పోయొస్త అని పోయింది. సాయంత్రం వచ్చి చారు పెడ్త, నువ్వు పొయ్యి ముట్టియ్యకు అన్నది. బస్సులనే పానం పోయింది. పక్క సీటామె నిద్రపోతున్నదనుకున్నదట.

గదీ సంగతి. పోయింది, రాలే.

అటెన్క పిల్ల తొమ్మిదింటికి బడికొచ్చేది, నాలుగుంబావుకు ఇంటికొచ్చేది. నడుమ నేను, ఫ్యాను. క్వార్టర్లల్ల అయితే ఎవరో ఒకరు కాకా అని పిలుస్తరు. గీ గల్లీల ఎవరెవరో తెల్వదు. ఒకసారి లాంపు రూం కాడికి పోయిన. కొత్త పోరగాండ్లు మంచిగనే కుర్చేసి చాయ్ తాపిన్రు. ఇంకోసారి పోతే గూడ తాపిన్రు. మూడోసారి పోతే, ఏం పనుండి వచ్చినవ్ కాకా అని అడిగిన్రు. పని లేదు గదా. ఇగ పోలే.

పోయిన యాడాది జూలై. మస్తు వాన. నాలుగుంబావు అయింది, నాలుగున్నర అయింది, ఐదయింది. పిల్ల రాలే. మీ బడికొచ్చిన, గేటుకు తాళం. గల్లీ మొదట్ల లింగమూర్తి ఆటో ఉంటది, దాంట్ల కూసొని బస్టాండు చూసిన, దవాఖాన చూసిన. ఏం చెప్పాలె మేడం, గోదావరి బ్రిడ్జి దాక పోయిన. బ్రిడ్జి మీద నిలబడి నీళ్ళు చూసిన. ఇంటికొస్తే ఏడింటికి పిల్ల గడప మీద కూసొని ఉన్నది. సంతోషి ఉన్నది గదా, దాని దోస్తు, వాళ్ళ ఇంట్ల పంద్రాగస్టు డ్యాన్స్ నేర్సుకున్నదట. పొద్దుగాల్నే చెప్పిన గదా బాపు అన్నది. చెప్పిందేమో. నేను ఇనలే.

తెల్లారి బడికి పంపలే. వాన పడ్తాంది అన్న. ఇంకో దినం జెరం వచ్చేటట్టున్నది అన్న. వారం అయినంక బడిల లెక్కల సారు లేడు, పోయి ఏం లాభం అన్న. నెల దాటినంక పాత హెడ్మాస్టర్ సారు కబురు పంపిండు. అప్పటికి నాకు ఫోన్‌ల ఒకటి దొరికింది. హైదరాబాద్‌ల పెద్ద చదువులోళ్ళు పిల్లలను బడికి పంపక ఇంట్లనే చదివిస్తున్నరట. హోం స్కూలింగ్ అట. ఓపెన్ స్కూల్ల పది పరీక్ష రాస్తే చాలట. గదే చెప్పి టీసీ తీసుకున్న. లింగమూర్తి అయితే, కాకా, నువ్వు ఆఫీసర్ల కంటె మోడ్రన్ అయినవ్ అన్నడు. నాకు సంబురం అనిపిచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలె.

పిల్ల ఏమన్నదా? మొదట్ల ఏమనలే. పొద్దెక్కినంక లేవొచ్చు, హోంవర్కు లేదు, రిబ్బన్లు కట్టుకునుడు లేదు. ఒక నెల ఖుషీగనే ఉన్నది.

గోడకు మేకు కొట్టిన. నా నంబరు బిల్ల, మూడువందల పన్నెండు, రిటైరైన దినం గుర్తుకుంటదని దోస్తులు ఒకటి చేయించి ఇచ్చిన్రు, గది పిల్లకిచ్చిన. చదువ కూసున్నప్పుడు మేకుకు తగిలియ్యాలె, లేసినంక తియ్యాలె. నవ్వకుండ్రి. నాకు ఎరుకైన బడి గంతే మేడం. ఏడింటి సైరన్ కాంగనే చాయ్, ఎనిమిదింటికి బిల్ల, పదకొండింటికి రెండు బిస్కిట్లు, పన్నెండున్నరకు అన్నం.

నేను ఏడో తరగతి కాడ ఆపినోన్ని. ఏం చెప్త? అది పెద్దగ చదివేది, నేను ఎదురుంగ కూసొని ఇనేటోన్ని. ఆకులు అన్నం ఎట్ల చేసుకుంటయో ఇన్న. మనిషి గుండెకాయల నాలుగు అరలుంటయట, ఇన్న. అనసూర్య గుండెల ఏ అర ఆగిందోనని అడుగుదామనుకొని అడగలే. నిజం చెప్పాల్నంటే తొమ్మిదో తరగతి నేను చదివిన మేడం. అది నాకు చదివి ఇనిపిచ్చింది.

నా పెండ్లయినంక గిన్నేండ్లల్ల నేను ఇంట్ల గన్ని మాటలు ఎన్నడు ఇనలే. ఎప్పుడు షిఫ్టులు, ఎప్పుడు నిద్ర. గా యాడాది నాకు మంచిగుండె. మస్తు మంచిగుండె. గిది మీరు రాసుకోకుండ్రి.

పిల్లనా? పిల్ల మెల్లగయ్యింది. ఫ్యాను స్పీడు తగ్గిస్తే ఎట్లుంటది, గట్ల. మొదట్ల నాలుగుంబావుకు గేటు కాడ నిలబడేది. సంతోషోళ్ళు పోయేటప్పుడు రెండు మాటలు మాట్లాడేది. గా రెండు మాటలల్ల గూడ వాళ్ళు బడిల ఏదో అయిందని నవ్వుతరు, గది దీనికి తెల్వదు. తెల్సినట్టు నవ్వేది. నేను కిటికీలకెల్లి చూసేటోన్ని. దీపావళి అయినంక గేటు కాడికి పోవుడు బందు చేసింది.

పగటి అన్నం తక్కువ తినుడు మొదలుపెట్టింది. ఆకలి లేదు బాపు అనేది. పప్పు బాగలేదా అంటే బాగున్నది అనేది. కోడికూర తెచ్చి ఒండిన, అనసూర్య ఎట్ల ఒండుతదో యాది చేసుకొని కొబ్బరి దంచి మరీ ఒండిన. రెండు బుక్కలు తిని లేసింది. కంపెనీ దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ చూసి రక్తం మంచిగనే ఉన్నదన్నది.

నేను అన్నం తిని ఒక గంట పండుకుంట. లేసి చూస్తే మేకుకు బిల్ల ఉండేది, పిల్ల పుస్తకం ముంగట ఉండేది. నాకు ఫికర్ లేకుండె.

ఒకదినం కరెంటు పోయి మధ్యలనే లేసిన. మేకుకు బిల్ల ఉన్నది. పిల్ల లేదు.

మేడం, మీకు ఎట్ల చెప్పాలె. బిల్ల ఉన్నదంటే మనిషి లోపల ఉండాలె. బాత్రూం చూసిన, డాబా చూసిన. వంటింట్ల చూస్తే స్టాండుల ప్లేటు ఒకటి తక్కువున్నది. స్టీలు ప్లేటు, అంచు మీద అనసూర్య అని పేరు కొట్టిచ్చినది. మా పెండ్లికి పెట్టిన సామాన్ల నుంచి గదొక్కటే మిగిలింది. పిల్ల ప్లేటు పట్టుకొని యాడికి పోతది అనుకున్న. అప్పుడే మీ బడి గంట కొట్టిన్రు.

అవు మేడం. మీ బడికే వచ్చింది.

ఎన్క గోడకు గా పగిలిన జాగ లేదా, దాంట్లకెల్లి చూసిన. పిల్లలు లైను కట్టిన్రు. వంట చేసే సారవ్వ కిచిడీ పెడ్తాంది, కోడిగుడ్డు పెడ్తాంది. సంతోషి ఎన్క మా మమత. పాత యూనిఫాం ఏసుకున్నది, మోకాళ్ళ కాడికి కురుచైంది, కింద ఇంట్ల ఏసుకునే పైజామానే ఉన్నది. ప్లేటు పట్టుకున్నది. పెట్టిచ్చుకున్నది. చెట్టు కింద ఐదుగురు కూసున్నరు, నడుమ ఇది. ఎవరో ఏదో అన్నరు. నా బిడ్డ నోట్ల అన్నం పెట్టుకొని నవ్వింది, నవ్వి పొలమారింది, సంతోషి నెత్తి మీద కొట్టింది.

గా నవ్వు నేను నెలల సంది ఇనలే.

నేను గమ్మున ఇంటికొచ్చి పండుకున్న. కండ్లు మూసుకున్న. అది వచ్చింది, ప్లేటు కడిగింది, సప్పుడు కాకుంట స్టాండుల పెట్టింది. బాపు, లేసినవా అన్నది. ఇప్పుడే లేస్తున్న బిడ్డా అన్న.

ఆగుండ్రి, నీళ్ళు తాగుత.

మీరు సారవ్వను ఏమనకుండ్రి. రిజిష్టర్ల పేరు లేని పిల్లకు పెట్టింది, తప్పే. గని గామెకు తల్లి లేని పిల్ల అని ఎరుక. మూడు నెల్ల సంది పెడ్తున్ననే సదయ్యా, నీకు చెప్పిందనుకున్న అన్నది నాతోని. ఎప్పుడన్నదా? నేను గామె ఇంటికి పోయిన్నాడు.

గిది ఎవరికీ చెప్పలే మేడం. సంతోషికి తెల్వదు. మా మమతకు తెల్సో లేదో నాకు తెల్వదు.

తెలిసినంక రెండు నెల్లు ఊకున్న. దినాం కండ్లు మూసుకొని పండుకున్న. తలుపు తీసుడు ఇనేటోన్ని, తలుపేసుడు ఇనేటోన్ని. పోనీయ్, తినిరానీ అనుకునేటోన్ని. గని దినాం నా ఒంట అట్లనే మిగిలేది. నేను పొద్దుగాల్నుంచి ఒండేది. ఒక్కన్నే కూసొని తినేది. దినాం దినాం కడుపుల మంట లేసేది. నా చేతి కోడికూర కంటె గా కిచిడీ ఎక్కువైందా అని.

మార్చిల ఒకదినం సారవ్వ ఇంటికి పోయిన. పేరు లేని పిల్లకు సర్కారు అన్నం ఎట్ల పెడ్తవ్, పై ఆఫీసర్లకు కాయిదం పెడ్త, నీ పని పోతది అన్న. గామె నన్ను చూసింది. నీ బిడ్డనే గదా సదయ్యా అన్నది. ఎవరి బిడ్డయితేంది అన్న. అన్న మేడం. గీ నోటితోనే అన్న.

తెల్లారి పిల్ల పోయింది. ఎప్పటికంటె జల్ది వచ్చింది. నేను కండ్లు మూసుకొనే ఉన్న. నల్ల ఇప్పిన సప్పుడు రాలే. ప్లేటు కడిగేటందుకు ఏం లేదు గదా. లైన్ల నిలబెట్టి, అందరి ముంగట, నీకు లేదు బిడ్డా అని చెప్పిందట సారవ్వ. చెప్పి గామె గూడ ఏడ్చిందట.

పిల్ల వచ్చి గదే ప్లేటుల నా అన్నం పెట్టుకున్నది. పప్పు ఏసుకున్నది. నా మంచం ఎదురుంగ కూసొని మెతుకు మిగలకుంట తిన్నది. బాగున్నది బాపు అన్నది.

నాకేం కావాల్నో గదే అయింది గదా. పిల్ల ఇంట్ల ఉన్నది, నా ఎదురుంగ ఉన్నది, నా అన్నం తిన్నది. నాకు గా పొద్దు మాపు బుక్క దిగలే.

అటెన్క అది యాడికీ పోలే. గేటు కాడికి పోలే, కిటికీ కాడికి పోలే. ఎండాకాలం అంత చదువుమంటే చదివింది, ఆపుమంటే ఆపింది. ఇదివరకు చదువుకుంట మధ్యల ఆపి, బాపు, నీకు సమజైందా అని అడిగేది. అడుగుడు గూడ ఆపింది. మొన్న మీ బడి తెరిచిన దినం గంట ఇనవడ్డది. నేను దాని మొకం చూసిన. తలకాయ లేపలే. జెర సేపటికి లేసి, మేకుకున్న బిల్ల తీసి నా చేతుల పెట్టింది.

"ఇది ఎందుకు బాపు," అన్నది. "నేను యాడికి పోత?"

కోపంతోని అనలే మేడం. కోపంతోని అంటే నాలుగు తిట్టి బతికేటోన్ని. బిల్ల వాపసియ్యాల్నంటే మనిషి పైకి రావాలె. ఇది లోపలనే ఉండి వాపసిచ్చింది. ముప్పై ఏండ్ల నౌకరీల నాకు గట్ల ఎవ్వరూ ఇయ్యలే.

గదే దినం మీ దగ్గరికొచ్చిన. గప్పట్నుంచి గీ కాయిదమే రాస్తున్న.

తొమ్మిదిల కూసోవెట్టుడు తప్ప దారి లేదన్నరు. సంతోషోళ్ళు పదిల ఉంటరు, ఇది చిన్నోళ్ళతోని కూసుంటది. నిన్న పిల్లకు చెప్పిన. కూసుంట బాపు అన్నది. అన్నం లైను మాత్రం అందరికి ఒక్కటే గదా అన్నది. 

ప్లేటు? ఆ, సంచిలున్నది గదే. నేనే తెచ్చిన. పోయేటప్పుడు సారవ్వకు ఇచ్చి పోత, రేపట్నుంచి దీంట్ల పెట్టు అని చెప్త. ఇంకేం చెప్పాల్నో అక్కడికి పోయినంక చూస్త. గామె మాట్లాడకపోయినా నిలబడ్త.

లేదు మేడం, భయం గాదు. మీరు మంచోళ్ళు, భయంతోని మాన్పించిండు అని రాస్తనంటున్నరు. తల్లి గట్ల పోయింది, తండ్రి భయపడ్డడు, చదివేటోళ్ళు అయ్యో అనుకుంటరు. భయం పది దినాలే ఉండె. పదకొండో దినం పొద్దుగాల వాన లేదు, పిల్ల రిబ్బన్లు కట్టుకొని తయారైంది. నాకు భయం ఏసిందా అని నన్ను నేను అడిగిన. ఏయలే. అది పోతే మళ్ళ నాలుగుంబావు దాక నేను, ఫ్యాను. గంతే. గందుకే, లెక్కల సారు లేడు బిడ్డా, రిబ్బన్లు ఇప్పెయ్ అన్న. అది నా మొకం చూసి ఇప్పేసింది.

మీ నాయిన నన్ను నిలబెట్టనన్నడు. ఆయినకేం మేడం, నిలబడుడు నా నౌకరి. నేను పిల్లను నిలబెట్టిన. యాడాది.

నాలుగుంబావుకే ఇడుస్తరు గదా ఇప్పుడు గూడ? అయితే నేను గేటు కాడికి రాను. సంతోషోళ్ళతోని మాట్లాడుకుంట వస్తది, ఆలిశమైతే అయితది. ఇంట్లనే ఉంట. ఉండుడు నేర్సుకుంట. మేకు పీకేసిన, గోడకు బొక్క పడ్డది.

రాయుండ్రి. నేను రాస్తే మళ్ళ కొట్టేస్త, మీరే రాయుండ్రి. తండ్రి ఇంట్ల ఒక్కడు ఉండలేక బిడ్డను ఉంచుకున్నడు. గట్లనే రాయుండ్రి, మార్చకుండ్రి.

పట్టిందా? గా కొట్టివేతల పక్కకు?

పట్టింది. జాగ సాలదని ఊకెనే అనుకున్న.

ఇగ సంతకం యాడ పెట్టాల్నో చూపెట్టుండ్రి.